నెలలు నిండని శిశువులు: నవజాత విభాగం తలుపు తల్లికి ఎందుకు తెరవాలి?

జిల్లా ఆసుపత్రుల్లోని నవజాత శిశు ప్రత్యేక చికిత్సా విభాగాలు (ఎస్‌ఎన్‌సీయూ) చాలావరకు ఒకే తీరున ఉంటాయి. అద్దాల తలుపు, దాని ముందు చెప్పులు విడిచే చోటు, చేతులు కడుక్కునే తొట్టి, లోపల వరుసగా వార్మర్లు. ఒక్కో వార్మర్‌పై ఒక్క శిశువే ఉండాలి. రద్దీ రోజుల్లో ఇద్దరు కనిపిస్తారు. తలుపు బయట వరండాలో బాలింతలు, వారికి తోడుగా వచ్చిన అమ్మమ్మలు, నాయనమ్మలు కూర్చుని ఉంటారు. పాలవేళకు పిలుపు వస్తే తల్లి లోపలికి వెళ్తుంది. పాలు పిండి ఇచ్చి, బిడ్డను ఒకసారి చూసుకుని మళ్లీ వరండాలోకి వస్తుంది.

శిశువు ప్రాణం యంత్రాలపై ఆధారపడి ఉందని, బయటివారు లోపలికి వస్తే సూక్ష్మక్రిములు వెంట వస్తాయని వైద్యరంగం దశాబ్దాలపాటు భావించింది. ఆ 'బయటివారి' జాబితాలో కన్నతల్లి కూడా చేరిపోయింది. గత నాలుగు దశాబ్దాల పరిశోధన ఈ అభిప్రాయం తప్పని తేల్చింది. వనరులు తక్కువగా ఉన్న ఆసుపత్రిలో శిశువును బతికించగల అతి ముఖ్యమైన వనరు తలుపు బయటే కూర్చుని ఉందని నిరూపించింది. అయినా అనేక చోట్ల ఆ తలుపు ఇంకా సగమే తెరుచుకుంది.

గర్భం 37 వారాలు పూర్తికాకముందే పుట్టిన బిడ్డను వైద్యులు నెలలు నిండని శిశువుగా పరిగణిస్తారు. 2020లో ప్రపంచవ్యాప్తంగా ఇలాంటి జననాలు సుమారు 1.34 కోట్లు నమోదయ్యాయని అంచనా. వీటిలో దాదాపు 30 లక్షలు భారత్‌లోనివే. సంఖ్యలో మరే దేశమూ దీనికి దరిదాపుల్లో లేదు. మొత్తం జననాల్లో వాటా చూస్తే మాత్రం బంగ్లాదేశ్ ముందుంది. అక్కడ ప్రతి 100 మంది శిశువుల్లో 16 మంది నెలలు నిండకుండానే పుడుతున్నారు. ప్రపంచంలో ఐదేళ్లలోపు పిల్లల మరణాలకు ప్రధాన కారణం నెలలు నిండకపోవడం, దానివల్ల తలెత్తే చిక్కులే.

ఏడో నెలలో పుట్టిన బిడ్డ బతుకుతుందని, ఎనిమిదో నెలలో పుడితే బతకదని మన ఇళ్లలో ఇప్పటికీ వినిపించే మాటకు ఆధారం లేదు. గర్భంలో గడిచే ప్రతి అదనపు వారమూ శిశువుకు మేలే చేస్తుంది. మరో విషయం కూడా గుర్తుంచుకోవాలి. నెలలు నిండని శిశువుల్లో అత్యధికులు 32 వారాలు దాటి పుట్టినవారే. వారిలో చాలామందికి వెంటిలేటర్ అవసరం ఉండదు. వెచ్చదనం, తల్లిపాలు, శుభ్రత, కొందరికి కొద్దిరోజులు శ్వాసకు ఊతం దొరికితే చాలు. ఇవి ఖరీదైనవి కావు. కానీ 24 గంటలూ అందాలి. చిక్కంతా ఇక్కడే ఉంది.

చలి ఎలా చంపుతుంది?

గర్భంలో శిశువు ఉష్ణోగ్రత తల్లి ఉష్ణోగ్రత కంటే సుమారు అర డిగ్రీ ఎక్కువగా ఉంటుంది. పుట్టిన క్షణంలో తడిసిన ఒంటితో, తనకన్నా ఎంతో చల్లగా ఉన్న గదిలోకి వస్తుంది. ఒంటిమీది తడి ఆరిపోతూ వేడిని లాగేస్తుంది. నెలలు నిండని శిశువుకు బరువుతో పోలిస్తే చర్మం విస్తీర్ణం ఎక్కువ, ఆ చర్మం పలుచన, దాని కింద కొవ్వు స్వల్పం. పెద్దవారిలా వణికి వేడి పుట్టించుకునే శక్తి నవజాత శిశువుకు లేదు. వేడినిచ్చే గోధుమరంగు కొవ్వు గర్భంలో చివరి వారాల్లోనే ఎక్కువగా పేరుకుంటుంది. ఆ వారాలే ఈ బిడ్డకు దక్కలేదు.

శరీరం చల్లబడితే ఉన్న కొద్దిపాటి చక్కెరను, ఆక్సిజన్‌ను వేడి కోసం ఖర్చు చేస్తుంది. రక్తంలో చక్కెర పడిపోతుంది, ఊపిరి బరువెక్కుతుంది. శిశువు ఏడవదు, మందకొడిగా ఉండిపోతుంది. నిశ్శబ్దంగా పడుకున్న బిడ్డను చూసి హాయిగా నిద్రపోతోందని పెద్దలు పొరబడే ప్రమాదం ఉంది. నేపాల్‌లోని సర్లాహీ జిల్లాలో 20 వేలకు పైగా నవజాత శిశువులను పరిశీలించి 2010లో ప్రచురించిన అధ్యయనం, మొదటిసారి కొలిచినప్పుడు ఉష్ణోగ్రత ఒక్కో డిగ్రీ తగ్గేకొద్దీ మరణించే ముప్పు సుమారు 80 శాతం చొప్పున పెరిగిందని గుర్తించింది. శిశువు ఒంటి ఉష్ణోగ్రత 36.5 నుంచి 37.5 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలన్న నియమం వెనుక ఇంత ఉంది.

వార్మర్, ఇంక్యుబేటర్ ఈ పనికోసమే ఉన్నాయి. అయితే వాటికి నిరంతర విద్యుత్తు, విడిభాగాలు, మరమ్మతు తెలిసిన మనిషి కావాలి. చర్మానికి అంటించిన సెన్సర్ ఊడిపోతే వార్మర్ తప్పుడు లెక్క ఆధారంగా బిడ్డను అతిగా వేడిచేస్తుంది, లేదా చల్లగా వదిలేస్తుంది. యంత్రాలు చాలక ఒకే వార్మర్‌పై ఇద్దరిని పడుకోబెడితే ఒకరి ఇన్ఫెక్షన్ మరొకరికి చేరుతుంది. అది చిన్న ముప్పు కాదు. ఢిల్లీలోని మూడు పెద్ద ఆసుపత్రుల్లో జరిగి 2016లో వెలువడిన అధ్యయనంలో, శిశువుల రక్తంలో దొరికిన బ్యాక్టీరియాలో ఎసినెటోబాక్టర్, క్లెబ్సియెల్లా ముందువరుసలో నిలిచాయి. వాటిలో అధిక భాగం పలు యాంటీబయాటిక్‌లకు లొంగని రకాలే. చేతుల శుభ్రత లోపిస్తే వార్డులో మంచం నుంచి మంచానికి పాకే క్రిములివి.

బొగోటాలో పుట్టిన ఆలోచన

సరిగ్గా ఇలాంటి పరిస్థితే 1970ల చివర్లో కొలంబియా రాజధాని బొగోటాలోని ఒక ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రిలో ఉండేది. ఒక ఇంక్యుబేటర్‌లో ఇద్దరు ముగ్గురు శిశువులు, ఆగని ఇన్ఫెక్షన్లు. వారాల తరబడి బిడ్డను తాకే వీలులేక, చివరకు వదిలేసి వెళ్లిపోయిన తల్లులూ ఉన్నారు. అక్కడి శిశువైద్యుడు ఎడ్గర్ రే సనాబ్రియా 1978లో ఒక మార్గం ప్రతిపాదించారు. కంగారూ పిల్ల ఎదగకుండానే పుట్టి, తల్లి సంచిలో పెరిగినట్లే, శిశువును తల్లి రొమ్ముల మధ్య చర్మానికి చర్మం ఆనేలా కట్టి ఉంచడమే ఆ మార్గం. మరుసటి ఏడాది హెక్టర్ మార్టినెజ్ ఆయనతో చేరారు. 'కంగారూ మాతృ సంరక్షణ' అన్న పేరు అలా స్థిరపడింది.

తెలుగులో ఈ పేరుతో ఒక చిక్కుంది. ఆ జంతువు పేరు విన్నవారికన్నా 'కంగారు' అంటే ఆందోళన అని ఎరిగినవారే ఎక్కువ. బిడ్డ కోసం బెంబేలెత్తిన కుటుంబానికి 'కంగారు సంరక్షణ' అని చెబితే ఏమనుకుంటారు? 'చర్మానికి చర్మం ఆనించి ఉంచడం' అని విడమరచి చెప్పడమే ఉత్తమం.

పద్ధతి సులువైనదే గానీ అందులో మెలకువలున్నాయి. శిశువుకు టోపీ, మేజోళ్లు, డైపర్ తప్ప మరేమీ తొడగరు. తల్లి రొమ్ముల మధ్య నిటారుగా, కాళ్లు కప్ప కాళ్లలా మడిచి ఆనిస్తారు. తల ఒక పక్కకు తిప్పి, గడ్డం ఛాతీకి తగలకుండా కొద్దిగా పైకెత్తి ఉంచుతారు. శ్వాసమార్గం మూసుకుపోకుండా ఉండేందుకే ఈ జాగ్రత్త. తర్వాత గుడ్డతో బిడ్డను తల్లికి కట్టేస్తారు. తల్లి వెనక్కి వాలి కూర్చోవచ్చు, తల ఎత్తుగా ఉండేలా పడుకుని నిద్రపోవచ్చు, లేచి నడవవచ్చు. బిడ్డను ఉంచిన ప్రతిసారీ కనీసం గంటసేపైనా కదపకుండా ఉంచాలి.

పేద దేశాలకు తగిన చౌక ప్రత్యామ్నాయంగా దీన్ని చాలాకాలం చూశారు. ఆ చూపు సరికాదు. బొగోటాలోనే 1990ల్లో రెండు బృందాలుగా విభజించి పరిశీలించిన శిశువులను పరిశోధకులు 20 ఏళ్ల తర్వాత మళ్లీ కలిశారు. తల్లి గుండెపై పెరిగిన బృందంలో మరణాలు తక్కువ. బడి మానేయడం, అతి చురుకుదనం, దుడుకు ప్రవర్తన కూడా తక్కువగా కనిపించాయి.

ఎప్పుడు మొదలుపెట్టాలి?

భారత్‌లోనూ 1990ల్లోనే ఈ పద్ధతి ప్రవేశించింది. కానీ ఒక షరతు అడ్డుగా నిలిచింది. బిడ్డ 'స్థిమితపడిన' తర్వాతే తల్లికి ఇవ్వాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ 2003 నాటి మార్గదర్శనం. శ్వాస కుదురుకుని, సెలైన్ తీసేసేదాకా శిశువు వార్మర్‌పైనే ఉండాలి. అయితే ఎక్కువ మరణాలు సంభవించేది ఆ మొదటి రెండు మూడు రోజుల్లోనే. అంటే బిడ్డకు తల్లి అత్యవసరమైన రోజుల్లోనే ఆమె బయట ఉండేది.

ఈ షరతును పరీక్షించడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ సమన్వయంతో ఘనా, భారత్, మలావీ, నైజీరియా, టాంజానియాల్లోని ఐదు ఆసుపత్రుల్లో ఒక పెద్ద అధ్యయనం జరిగింది. భారత్ నుంచి ఢిల్లీలోని సఫ్దర్‌జంగ్ ఆసుపత్రి పాల్గొంది. కిలో నుంచి 1.799 కిలోల మధ్య బరువున్న 3,211 మంది శిశువులను రెండు బృందాలు చేశారు. ఒక బృందంలో పుట్టిన వెంటనే తల్లి గుండెకు ఆనించారు; రెండో బృందంలో పాత పద్ధతి ప్రకారం స్థిమితపడే వరకు ఆగారు. మొదటి బృందంలోని శిశువులు ఇంటెన్సివ్ కేర్‌లో ఉన్న రోజుల్లో రోజుకు దాదాపు 17 గంటలు తల్లి చర్మానికి ఆని ఉండగా, రెండో బృందంలో అది గంటన్నర మాత్రమే.

28 రోజుల్లోపు మరణాలు మొదటి బృందంలో 12 శాతం, రెండో బృందంలో 15.7 శాతం. అంటే మరణాల ముప్పు నాలుగో వంతు తగ్గింది. తేడా ఎంత స్పష్టంగా ఉందంటే, ఇంకా పిల్లలను పాత పద్ధతిలో ఉంచడం న్యాయం కాదని అధ్యయనాన్ని అనుకున్న గడువుకు ముందే ఆపేశారు. ఫలితాలు 2021లో ప్రచురితమయ్యాయి. రెండు బృందాలకూ ఆక్సిజన్, శ్వాస సహాయ యంత్రాలు, మందులు సమానంగానే అందాయి. తేడా తల్లి ఒక్కతే. మొదటి బృందంలో ఇన్ఫెక్షన్లు, చలి బారిన పడటం కూడా తక్కువే. తల్లి క్రిములు తెస్తుందన్న పాత భయానికి ఇదే సమాధానం. ఆమె చర్మంపై ఉండే సాధారణ బ్యాక్టీరియా బిడ్డకు రక్షణగా నిలుస్తుందని, పలువురి చేతులు బిడ్డను తాకాల్సిన అవసరం తగ్గుతుందని పరిశోధకుల అభిప్రాయం.

2022 నవంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన మాట మార్చుకుంది. నెలలు నిండని, తక్కువ బరువున్న శిశువులందరికీ పుట్టిన వెంటనే, రోజుకు 8 నుంచి 24 గంటల వరకు ఈ సంరక్షణ ఇవ్వాలని సిఫారసు చేసింది. సొంతంగా శ్వాస తీసుకోలేనివారికి, షాక్‌లో ఉన్నవారికి, వెంటిలేటర్ అవసరమైనవారికి మాత్రమే మినహాయింపు.

ఉగ్గుగిన్నె తిరిగొచ్చిన వైనం

చప్పరించడం, మింగడం, ఊపిరి పీల్చడం — ఈ మూడింటినీ కలిపి చేసే నేర్పు శిశువుకు సుమారు 34 వారాలకు గానీ రాదు. అంతకుముందు పుట్టినవారికి రొమ్ము అందించినా పాలు తాగలేరు. మరీ చిన్నవారికి ముక్కు లేదా నోటి ద్వారా పొట్టలోకి వేసిన సన్నని గొట్టంతో పాలు ఇస్తారు. కాస్త ఎదిగినవారికి ముక్కున్న చిన్న గిన్నెతో పెదవుల మీదుగా చుక్కచుక్కగా పోస్తారు. తమిళ ఇళ్లలో పాలాడై, తెలుగు ఇళ్లలో ఉగ్గుగిన్నె అని పిలిచే ఈ పాత వస్తువును నవజాత విభాగాలు సగర్వంగా తిరిగి తెచ్చుకున్నాయి. సీసా కంటే దీన్ని కడగడం, మరిగించడం తేలిక. రబ్బరు పీక మూలల్లో దాక్కునే క్రిములకు ఇందులో చోటు లేదు.

పరిమాణాలు చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. 1.6 కిలోల శిశువుకు తొలిరోజు కిలోకు 60 మిల్లీలీటర్ల లెక్కన మొత్తం 96 మిల్లీలీటర్లు సరిపోతాయి. రెండు గంటలకొకసారి ఇస్తే ఒక్కో విడతకు 8 మిల్లీలీటర్లు, అంటే ఒకటిన్నర చెంచా. పాలు పడలేదని దిగులుపడే తల్లికి నర్సు మొదట చెప్పాల్సిన మాట ఇదే. ఆ రోజు పిండగలిగిన కొద్దిపాటి ముర్రుపాలే బిడ్డకు దాదాపు చాలినన్ని. పేగులను కుళ్లబెట్టే ప్రాణాంతక వ్యాధి నుంచి నెలలు నిండని శిశువును కాపాడటంలో తల్లిపాలకు సాటి లేదు.

ముంబైలోని సయన్ ఆసుపత్రిలో డాక్టర్ అర్మిడా ఫెర్నాండెజ్ ఈ సత్యాన్ని ముందే గ్రహించారు. ఇన్ఫెక్షన్లతో శిశువులు రాలిపోతుంటే డబ్బాపాలు, సీసాలు మాన్పించి తల్లులను వార్డులోకి రప్పించారు. పాలు పడని తల్లుల బిడ్డల కోసం 1989లో అక్కడే తల్లిపాల బ్యాంకు నెలకొల్పారు. ఆసియాలో అదే మొదటిది.

ఆక్సిజన్: ప్రాణం పోసేదే చూపు తీయవచ్చు

తల్లి గుండె అన్నిటికీ మందు కాదు. నెలలు నిండని ఊపిరితిత్తుల్లో గాలి గదులు తెరుచుకుని ఉండటానికి కావలసిన జిగురు పదార్థం తక్కువ. ప్రతి శ్వాస తర్వాత అవి ముడుచుకుపోతాయి. వాటిని తెరిచి ఉంచేందుకు ముక్కు ద్వారా నిరంతరం స్వల్ప ఒత్తిడితో గాలి పంపే సీప్యాప్ వాడతారు. ఇందులో 'బబుల్' రకం చాలా సరళమైనది. గాలి బయటికి వెళ్లే గొట్టం చివరను నీళ్ల సీసాలో 5 సెంటీమీటర్ల లోతున ముంచితే, అంత నీటి ఎత్తుకు సమానమైన ఒత్తిడి ఊపిరితిత్తులకు అందుతుంది. బుడగలు వస్తున్నంతసేపు పరికరం పనిచేస్తున్నట్లే.

అసలు ప్రమాదం ఆక్సిజన్ మోతాదులో ఉంది. గదిలోని గాలిలో ఆక్సిజన్ 21 శాతం. సిలిండర్ నుంచి వచ్చేది దాదాపు 100 శాతం. రెండింటినీ కలిపే బ్లెండర్ లేని చోట బిడ్డకు అవసరానికి మించి అందుతుంది. రెటీనాలోని రక్తనాళాలు గర్భంలో చివరి వారాల వరకు పెరుగుతూనే ఉంటాయి. అధిక ఆక్సిజన్ ఆ పెరుగుదలను ఆపేస్తుంది. తర్వాత నాళాలు అడ్డదిడ్డంగా పెరిగి రెటీనాను ఊడదీస్తాయి. ఈ వ్యాధినే ఆర్‌ఓపీ అంటారు. సంపన్న దేశాల్లో ఇది మరీ చిన్న శిశువులకే పరిమితం కాగా, భారత్‌లో కిలోన్నర దాటిన పిల్లల్లోనూ కనిపిస్తోంది. వేలికి తగిలించే పల్స్ ఆక్సీమీటర్ అంకె 90 నుంచి 95 మధ్య ఉండేలా ఆక్సిజన్ తగ్గిస్తూ పోవడమే నివారణ. 100 చూపిస్తే సంతోషించడం పొరపాటు.

సమయానికి గుర్తిస్తే లేజర్ చికిత్సతో చూపు నిలుస్తుంది. రెండు కిలోల లోపు, లేదా 34 వారాల లోపు పుట్టిన ప్రతి బిడ్డకూ నెలరోజుల్లోపు కంటి పరీక్ష జరగాలి. మరీ చిన్నవారికి రెండు మూడు వారాలకే. హైదరాబాద్‌లోని ఎల్‌వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ 1990ల చివరి నుంచే జంటనగరాల నవజాత విభాగాలకు వెళ్లి ఈ పరీక్షలు చేస్తోంది. ఒక్క సలహా లోపించినా ఏమవుతుందో 2015 నాటి సుప్రీంకోర్టు తీర్పు చెబుతుంది. 1996లో చెన్నైలోని ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో 29 వారాలకు పుట్టిన పాపకు కంటి పరీక్ష చేయాలని ఎవరూ చెప్పలేదు. ఆమె చూపు పూర్తిగా పోయింది. దాదాపు రూ. 1.8 కోట్ల పరిహారం చెల్లించాలని న్యాయస్థానం ఆదేశించింది.

కొరత యంత్రాలదా, మనుషులదా?

ఒక లెక్క వేసి చూడవచ్చు. రాత్రి విధుల్లో ఒక్క నర్సు, ఎదుట 12 మంది శిశువులు. రెండు గంటలకొకసారి పాలు పట్టాలంటే గంటకు ఆరుగురు, ఒక్కొక్కరికి పది నిమిషాలు. గంట పూర్తిగా అయిపోయింది. ఉష్ణోగ్రత చూడటం, సెలైన్ సరిచేయడం, ఆక్సిజన్ తగ్గించడం, ఊపిరి ఆగిన బిడ్డను తట్టి లేపడం, మధ్యమధ్య చేతులు కడుక్కోవడం ఎప్పుడు? కొత్త వార్మర్ల ప్రారంభోత్సవాల ఫొటోలకు పత్రికల్లో చోటు దొరుకుతుంది. ఖాళీగా ఉన్న నర్సు పోస్టులకు దొరకదు.

దేశంలో తొలి జిల్లాస్థాయి ఎస్‌ఎన్‌సీయూ 2003లో పశ్చిమ బెంగాల్‌లోని పురూలియాలో మొదలైంది. నర్సుల కొరతను ఎదుర్కొనేందుకు స్థానిక యువతులకు శిక్షణ ఇచ్చి సహాయకులుగా నియమించడం ఆ ప్రయోగంలోని విశేషం. నేడు దేశంలో వెయ్యికి పైగా ఇలాంటి విభాగాలున్నాయి. తల్లి లోపల ఉంటే నర్సు పనిలో కొంత భాగం తేలికవుతుంది. బిడ్డ రంగు మారినా, కదలిక ఆగినా మొదట తెలిసేది గుండెపై మోస్తున్న మనిషికే.

అలాగని తల్లిని జీతంలేని నర్సుగా లెక్కవేసుకోవడం అన్యాయం. ఆమె నిన్ననో మొన్ననో ప్రసవించిన స్త్రీ. సిజేరియన్ కుట్లు పచ్చిగానే ఉండవచ్చు. వరండాలో చాపపై కూర్చోబెట్టి రోజుకు 17 గంటలు బిడ్డను మోయమనడం సంరక్షణ కాదు. పై అధ్యయనంలో పాల్గొన్న ఆసుపత్రులు శిశువు పక్కనే తల్లికి మంచం, వాలి కూర్చునే కుర్చీ, మరుగుదొడ్డి, భోజనం ఏర్పాటు చేశాయి. ప్రసూతి వైద్యులు అక్కడికే వచ్చి ఆమెను చూశారు. బిడ్డ ఒక విభాగానికి, తల్లి మరో విభాగానికి చెందిన రోగులుగా నమోదయ్యే ఆసుపత్రుల్లో ఇదే పెద్ద మార్పు. ఇద్దరినీ ఒకేచోట ఉంచాలంటే రెండు విభాగాల అధిపతులు మొదట ఒక మాటమీదికి రావాలి.

తల్లికి విశ్రాంతి కావాలన్నప్పుడు అమ్మమ్మ, మేనత్త, తండ్రి ఎవరైనా బిడ్డను గుండెకు ఆనించుకోవచ్చు. చొక్కా విప్పి బిడ్డను కట్టుకున్న తండ్రిని చూసి వార్డులో మొదట నవ్వులు వినిపించవచ్చు. బిడ్డ ఒంటి వేడికి మాత్రం ఆ తేడా తెలియదు. ఇంట్లో మరో చిన్నబిడ్డ, పోతున్న రోజుకూలి, పురిటి మైల పట్టింపులు కుటుంబాలను ముందే ఇంటికి లాక్కుపోతుంటాయి. పంట పనుల వేళల్లో ఇది మరీ ఎక్కువ.

బరువు రోజూ నిలకడగా పెరుగుతూ, పాలు తాగుతూ, తల్లి గుండెపై ఒళ్లు వెచ్చగా నిలుపుకుంటున్న బిడ్డను ఇంటికి పంపవచ్చు. గుడ్డతో కట్టుకోవడం ఇంట్లోనూ కొనసాగాలి. రెండున్నర కిలోలు దాటాక శిశువే కాళ్లు తన్ని బయటికి రావాలని చూస్తుంది. డిశ్చార్జి కాగితంలో బరువు, మందులు, మళ్లీ రావలసిన రోజు రాసి ఉంటాయి. కంటి పరీక్ష తేదీ కూడా అందులో ఉందో లేదో గేటు దాటకముందే చూసుకోవాలి. లేకపోతే వెనక్కి వెళ్లి రాయించుకోవాలి.